ఎవరి చెవిన పడాలి ఈ కవిత?

(కడపలో యువకవుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసింది.)

నమస్కారం. ముందు వరుసలో పెద్దలున్నారు, వాళ్లకు నా వందనాలు. వెనక కాలేజీ పిల్లలున్నారు. అమ్మా, వెనక వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు. ఈ రోజు మాట్లాడుకునేదే వినపడటం గురించి.

నన్ను కవితా రచన మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద సంగతి. అందులోంచి ఒక్క ప్రశ్న తీసుకుంటాను. మీరు కవిత రాస్తున్నప్పుడు మీ ఎదురుగా ఎవరు కూర్చుని ఉన్నారు? ఎవరికి చెబుతున్నారు? ఈ మాట అడిగితే చాలామంది "అందరి కోసం సార్" అంటారు. అందరూ అంటే ఎవరబ్బా? ఒక్క పేరు చెప్పు అంటే ఆగిపోతారు. ఇంకొందరు "నా కోసమే రాసుకుంటాను" అంటారు. సరే, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

నేను నమ్మేది ఇది. వినేవాళ్లెవరో తేలకుండా కవిత రూపం తేలదు. ఏ మాట వాడాలి, ఎంత పొడవుండాలి, ఏది విప్పి చెప్పాలి, ఏది చెప్పకుండా వదిలేయాలి, పాటగా పోవాలా వచనంగా పోవాలా, ఇవన్నీ ఆ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి. మనం దాన్ని వదిలేసి మిగతావాటితో కుస్తీ పడుతున్నాం. ప్రతీక బాగుందా, పోలిక కొత్తగా ఉందా, ముగింపు అదిరిందా. ఎవరికి బాగుండాలి? ఎవరికి కొత్తగా ఉండాలి?

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆదికవి దగ్గరే ఉంది. పదకొండో శతాబ్దం, రాజమహేంద్రవరం, రాజరాజనరేంద్రుడి కొలువు. నన్నయగారు భారతం మొదలుపెడుతూ 'సారమతిం గవీంద్రులు' అని ఒక పద్యం చెప్పారు. మీలో కొందరికి వచ్చు, పెద్దవాళ్ల పెదాలు కదులుతున్నాయి, నాకు కనిపిస్తోంది. ఆ పద్యంలో ఆయన వినేవాళ్లను రెండు బారులుగా కూర్చోబెట్టాడు. ఒకవైపు కవీంద్రులు. వాళ్లు కథ లోపలికి దిగి, అర్థం ఎలా అల్లుకుందో ఆరసి మెచ్చుకోవాలి. ఇంకోవైపు 'ఇతరులు'. వాళ్లు అక్షరరమ్యతను ఆదరించాలి, అంటే ఆ అక్షరాలు చెవికి హాయిగా తగలాలి. ఆ రెండో బారును ఆయన చిన్నచూపు చూడలేదు, గమనించారా? లోతు తెలియనివాణ్ణి కూడా వట్టి చేతులతో పంపకూడదు అనే బాధ్యత మొట్టమొదటి కవే నెత్తిన వేసుకున్నాడు.

ఆ తర్వాత పాల్కురికి సోమనాథుడు. ఆయన ఎదురుగా రాజు లేడు, శివభక్తులున్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లున్నారు, చాకలివాళ్లున్నారు, కుమ్మరివాళ్లున్నారు. బసవపురాణం మొత్తం ద్విపదలో రాశాడు. ఎందుకు? కారణం ఆయనే చెప్పాడు. పెద్ద పెద్ద గద్యపద్యాల కంటే జానుతెనుగు, అంటే అచ్చమైన వాడుక తెలుగు, సరసంగా ఉంటుంది, అందరికీ సామాన్యంగా ఉంటుంది, అందుకని ద్విపదలు కూరుస్తాను అన్నాడు. ద్విపదకు రెండే పాదాలు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అంతే. గుంపుగా పాడుకోవచ్చు, నడుస్తూ పాడుకోవచ్చు, ఒకరు వదిలితే ఇంకొకరు అందుకోవచ్చు. ఎవరు వినాలో ముందు తేల్చుకున్నాడు, తర్వాత ఛందస్సు తేలింది. ఈ వరుస గుర్తుపెట్టుకోండి. శ్రోత ముందు, ఛందస్సు తర్వాత. మనం తిరగేసి చేస్తున్నాం. 'నేను వచనకవిని', 'నేను పద్యకవిని', 'నేను నానీలు రాస్తాను' అని ముందే బోర్డు పెట్టుకుంటున్నాం.

పోతనగారి పద్యం చెబుతాను, చిన్నదే. 'కొందఱకు దెనుగు గుణమగు, గొందఱకును సంస్కృతంబు గుణమగు, రెండుం గొందఱికి గుణములగు, నే నందఱ మెప్పింతు గృతుల నయ్యై యెడలన్.' పోతన మావాడేనని ఒంటిమిట్టవాళ్లం మనం అంటాం, కాదు బమ్మెర అని ఓరుగల్లువాళ్లు అంటారు. ఆ తగవు ఈ రోజు వద్దు. ఈ పద్యంలో చివర ఉన్న మాట చూడండి. 'అయ్యై యెడలన్'. ఆయా చోట్ల. అందరినీ మెప్పిస్తానన్నాడు, నిజమే. అందరినీ ఒకే చోట, ఒకే పద్యంతో మెప్పిస్తానని అన్నాడా? అనలేదు. గజేంద్రుడు మొర పెట్టుకునే చోట ఒక తెలుగు, వైకుంఠాన్ని చూపించే చోట ఇంకో తెలుగు. ఎక్కడికక్కడ ఎదురుగా ఉన్న మనిషి మారుతున్నాడు. మనం 'అందరి కోసం' అని చెప్పేటప్పుడు పోతనగారిని అడ్డం పెట్టుకుంటాం గానీ, ఆ 'అయ్యై యెడల' దగ్గర పడిన కష్టాన్ని వదిలేస్తాం.

సరే, మన జిల్లాలోకి వద్దాం. ఈ విషయంలో కడపవాళ్లం చాలా అదృష్టవంతులం. ఎందుకంటే వినేవాడి కోసం రాయడమనేది ఎన్ని రకాలుగా ఉంటుందో, అన్ని రకాలూ మన చుట్టుపక్కలే దొరుకుతాయి.

కమలాపురం దగ్గర కోకటం ఉంది కదా, పెద్దన గారి అగ్రహారం. ఆయన చెప్పినట్టుగా ఒక చాటువు ఉంది, 'నిరుపహతి స్థలంబు' అని. కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో జాబితా చెబుతాడు. ఏ ఆటంకమూ లేని చోటు కావాలి, కప్పురపు విడెం కావాలి, మంచి భోజనం కావాలి, ఉయ్యాల మంచం కావాలి. అందరూ ఆ ఉయ్యాల మంచం దగ్గర ఆగి నవ్వుకుని, రాజకవి భోగం అనేసి వెళ్లిపోతారు. నేను ఆగేది దాని తర్వాత. 'తప్పరయు రసజ్ఞులు, ఊహ తెలియంగల లేఖక పాఠకోత్తముల్' దొరకాలన్నాడు. తప్పు ఎక్కడుందో పట్టి చెప్పగల రసజ్ఞులు కావాలి. నా మనసులో ఏముందో ఊహించగల రాతగాళ్లు, చదువరులు కావాలి. వీళ్లు దొరకకుండా ఊరికే కావ్యాలు రాయమంటే అయ్యే పనేనా అన్నాడు. ఆంధ్రకవితాపితామహుడు! ఆయనకు విడెం ఎంత అవసరమో పాఠకుడు అంత అవసరం.

మొల్ల ఇంకా గట్టిగా చెప్పింది. బద్వేలు పక్కన గోపవరం ఆమె ఊరని మనం చెప్పుకుంటాం. రామాయణం మొదట్లోనే, గూఢమైన మాటలు పేర్చి అర్థం తోచకుండా రాసిన కావ్యం 'మూగ చెవిటివారి ముచ్చట' అవుతుందని అంది. తేనె నోటికి తగలగానే తీపి తెలిసినట్టు, కావ్యం చదవగానే అర్థం తోచాలని ఆమె కోరిక. కందువ మాటలు, సామెతలు అందంగా కూర్చి చెబితే తెలుగుకు రుచి అని కూడా అంది. అది ఒక మనిషి తన వాకిట్లో కూర్చుని, ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడే పద్ధతి. పండితులు ఏమనుకుంటారో ఆమెకు తెలియక కాదు. తెలిసే తన శ్రోతను ఎంచుకుంది.

అన్నమయ్య దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను, పెద్దలు అనుమతించాలి. తాళ్లపాక మన రాజంపేట పక్కనే. 1408లో పుట్టాడు, 1503 దాకా ఉన్నాడు. సంస్కృతంలో కూడా కీర్తనలు రాసిన మనిషి. అలాంటి పండితుడు సువ్విపాటలు ఎందుకు రాశాడు? గొబ్బిపాటలు, జాజరలు, ఏలలు, జోలలు, లాలిపాటలు ఎందుకు రాశాడు? సువ్విపాట దంచేవాళ్లది. దంచేవాళ్ల చేతులు ఆగకూడదు. రోకలి లేచి పడే లోపల మాట పూర్తి కావాలి. ఆ పాటకు కొలత పెట్టింది రోకలి. జోలపాటకు కొలత పెట్టింది ఊయల. గొబ్బిపాటకు కొలత పెట్టింది చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగే ఆడపిల్లల అడుగులు. వాళ్లు ఏ పనిలో ఉండగా వింటారో ఆయన చూశాడు. మనం రాసే కవిత ఎవరైనా ఏ పని చేసుకుంటూ వింటారు? ఎప్పుడైనా ఆలోచించామా?

'తందనాన ఆహి' కీర్తన అందరికీ తెలుసు. 'నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే.' ఈ మాట రాజుకు చెబుతున్నాడా, బంటుకు చెబుతున్నాడా? ఇద్దరూ వింటున్నారని తెలిసే చెబుతున్నాడు. అదే మాట బంటుకు ధైర్యం, రాజుకు హెచ్చరిక. మరి ఆ తందనాన ఎవరి కోసం? వంత పాడేవాళ్ల కోసం. కీర్తనలోని వేదాంతం అందని చిన్నపిల్లవాడు కూడా తందనాన దగ్గర గొంతు కలుపుతాడు. నన్నయగారు చెప్పిన 'ఇతరులు' ఇక్కడ వంతపాటలో ఉన్నారు, వాళ్లకు కూడా పాటలో పని ఇచ్చాడు అన్నమయ్య.

ఆయన ఇల్లాలు తిమ్మక్క సుభద్రా కళ్యాణం రాసింది. తొలి తెలుగు కవయిత్రి ఆమే అని చాలామంది చెబుతారు. మంజరీ ద్విపదలో రాసింది. అంటే ద్విపదలో కూడా ప్రాస నియమాన్ని వదిలేసింది. అట్లా వదిలితే పాడేవాళ్లకు ఇంకా తేలిక. పెళ్లి కథ, ఆడవాళ్లు కూర్చుని పాడుకునే కథ. ఆ పాడేవాళ్లు ఆమె కళ్లముందు ఉన్నారనే నాకు అనిపిస్తుంది.

వేమన సంగతి. మీకు నేను వేమన గురించి చెప్పాల్సిన పని లేదు, కానీ ఒక్కటి చూపిస్తాను. ఆటవెలదికి నాలుగు పాదాలు. నాలుగో పాదం 'విశ్వదాభిరామ వినుర వేమ', అది ముందే ఖాయం. కవికి మిగిలింది మూడు పాదాలు. మూడు పాదాల్లో సంగతి తేలిపోవాలి. మరి పావు వంతు పద్యాన్ని ఎందుకు వదులుకున్నాడు? వినేవాడికి ఇవ్వడానికి. మూడో పాదం పడగానే నాలుగోది వినేవాడే అందుకుంటాడు. పద్యం వాడిదైపోయింది. ఇంటికి తీసుకెళ్తాడు. బ్రౌను దొర 1829లో అచ్చు వేశాడు, మంచిదే, ఆయన బంగళా ఉన్న చోటే ఈ రోజు మన ఊళ్లో ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం ఉంది, పిల్లలు వెళ్లి చూడండి. కానీ అచ్చు పడకముందే ఆ పద్యాలు ఎన్నో నోళ్లలో తిరిగాయి. ఆ తిరగడానికి కావలసిన ఏర్పాటు పద్యంలోపలే ఉంది.

ఇంకో సంగతి. 'వినుర వేమా' అని ఎవరితో అంటున్నాడు? తనతో తను అంటున్నాడు. మనం పక్కన నిలబడి వింటున్నాం. చాలా శతకాల్లో ఈ ఏర్పాటు ఉంది. ధూర్జటి 'రాజుల్ మత్తులు' అన్నది ఎవరితో? శ్రీకాళహస్తీశ్వరుడితో. శివుడికి రాజుల సంగతి తెలియదా? ఆ మాట చేరాల్సింది రాజుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లకు. పిలిచేది ఒకరిని, వినాల్సింది ఇంకొకరు. ఈ ఇద్దరినీ విడివిడిగా చూడటం నేర్చుకుంటే మీ కవితలో సగం చిక్కులు విడిపోతాయి. దీనికి ఒక ఉదాహరణ చూద్దాం, బోర్డు దగ్గరికి వస్తాను.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. బోరు ఫెయిలైంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఈ మాట ఇంట్లో వినని వాళ్లు తక్కువే ఉంటారు. దీని మీద కవిత రాయమంటే మామూలుగా ఇట్లా వస్తుంది:

పుడమితల్లి గుండెల్లో
ఇనుప శూలం దిగింది
నెత్తురు రాలేదు
నీరూ రాలేదు

ఇది బాగుందా? సభలో చదివితే చప్పట్లు వస్తాయి. కానీ ఇది ఎవరితో మాట్లాడుతోంది? బోరు వేయించిన రైతుతోనా? ఆయనకు ఇందులో కొత్త సంగతేముంది? నీరు రాలేదని ఆయనకు మనం చెప్పాలా? సరే, ఇప్పుడు శ్రోతను మారుద్దాం. అదే ఊళ్లో ఉండే ఇంకో రైతు. ఆయన కూడా బోర్లు వేయించినవాడే. ఆయన వినాలి.

తెల్ల దుమ్ము లేచి
మా వేపచెట్టు మీద, దొడ్లో ఎనుము మీద,
అంగడాయన పద్దు పుస్తకం మీద వాలింది.
'ఎన్నడుగులు పోయింది మామా' అని
ఈ పొద్దు ఎవరూ అడగలేదు.

ఇక్కడ నీళ్లు అన్న మాట ఉందా? లేదు. బోరు అన్న మాట ఉందా? అదీ లేదు. అక్కర్లేదు. తెల్ల దుమ్ము అంటే చాలు, మనవాళ్లకు గుండె జారిపోతుంది. బోరు బండి వస్తే ఊరంతా చుట్టూ మూగుతుంది, ఎన్నడుగులు, తడి తగిలిందా, ఎన్ని ఇంచీలు అని అడుగుతూనే ఉంటారు. అడగడం మానేశారంటే ఏం జరిగిందో ఆ వినేవాడికి తెలుసు. వినేవాడికి తెలిసినదాన్ని చెప్పకుండా వదిలేశాం, అప్పుడు చెప్పాల్సిన మాటకు చోటు దొరికింది.

మళ్లీ మారుద్దాం. ఇప్పుడు వినేది బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు. ఫోన్లో నాయన మాట్లాడుతున్నాడు.

అబ్బోడా, అన్నం తిన్నావా?
ఇక్కడంతా బాగుండాం.
చీనీచెట్లు నాలుగు కొట్టేసినాం,
నీడ ఎక్కువైందని.
బోరు బండి వచ్చిందని
ఎవరన్నా ఫోన్ చేసి చెప్తే
నమ్మాకు.

చూడండి, ఒక అమ్మాయి తల వంచుకుంది. తల్లీ, నీకు ఈ నాయన తెలుసు. ఈయన బోరు గురించి ఒక్క నిజం కూడా చెప్పలేదు. నీడ ఎక్కువైందని చీనీచెట్లు, అంటే బత్తాయిచెట్లు, కొట్టే రైతు పులివెందుల నుంచి తాడిపత్రి దాకా ఎక్కడైనా ఉంటాడా? మొదటి కవితలో భూమి గుండె, శూలం, నెత్తురు, అన్నీ పెట్టాం. ఇందులో ఏమీ పెట్టలేదు. కొడుకుతో మాట్లాడే తండ్రి ఎంత దాస్తాడో అంతే దాచాం. మనం పక్కన నిలబడి విన్నాం, శతకంలో విన్నట్టు.

ఒకే సంగతి, ముగ్గురు శ్రోతలు, మూడు కవితలు. వీటిలో ఏది గొప్పది అని అడగకండి. ఏది ఎవరికి అని అడగండి.

ఇక్కడే యాస సంగతి వస్తుంది. రెండో కవితలో ఎనుము అని రాశాను. దాన్ని గేదె అని మారిస్తే వేరే ప్రాంతం పాఠకుడికి సులువు. కానీ ఆ కవిత మాట్లాడేది మన ఊరి మామతో, ఆయన దొడ్లో ఉండేది ఎనుమే. మన యాసను అలంకారంగా వాడొద్దని మాత్రం యువకవులను బతిమాలుకుంటున్నాను. 'ఏందబ్బా', 'యాడికిరా' అని నాలుగు చోట్ల చల్లితే సీమ కవిత్వం కాదు. అట్లా చల్లేది బయటివాళ్లకు చూపించడానికి. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు యాస మనకు కనపడను కూడా కనపడదు. అట్లా కనపడకుండా ఉన్నప్పుడే అది నిజంగా ఉన్నట్టు.

మన పక్క అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట' చదవని వాళ్లుంటే దయచేసి చదవండి. రంగడు, గంగమ్మల కథ. అందులో 'అదే పెన్న, అదే పెన్న, నిదానించి నడు' అంటాడు. పక్కన నడిచేవాడికి చెయ్యి చాచి చూపిస్తున్నాడు. పెన్న గురించి లెక్చరు ఇవ్వడం లేదు. పక్కన ఒక మనిషి నడుస్తున్నాడు, అంతే. ఆ ఒక్క మనిషి ఉండటం వల్ల ఆ గొంతు ఈ రోజుకీ తడిగా వినపడుతుంది. ఎండిన నది గురించి రాసిన పాటలో తడి ఆ పలకరింపుదే.

అట్లాగని వినేవాడికి ప్రతి మాటా అర్థం కావాల్సిందేనా? కాదు. పుట్టపర్తి నారాయణాచార్యులవారి శివతాండవం ప్రొద్దుటూరు వీధుల్లో ఎవరినైనా అడగండి. సమాసాలన్నీ విడదీసి చెప్పగలవాళ్లు కొందరే ఉంటారు. కానీ ఆ పద్యాలు చదువుతుంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. అది చెవికి, అడుగుకు రాసిన కావ్యం. అర్థం తర్వాత నెమ్మదిగా వచ్చి చేరుతుంది. సులభంగా రాయడం, వినేవాడి కోసం రాయడం ఒకటి కావు. ఈ రెంటినీ కలిపేసి, 'జనానికి అర్థం కావాలని నీళ్లు కలిపాను' అనేవాళ్లను చూస్తే నాకు బాధ. జనం నీళ్లు కలపమని ఎప్పుడడిగారు? ఇదే జనం రాత్రంతా కూర్చుని పద్యనాటకాలు చూశారు, వన్స్‌మోర్ కొట్టి పద్యం మళ్లీ పాడించుకున్నారు.

అవధానం చూడండి. ప్రొద్దుటూరు అంటేనే అవధానానికి పేరు. సి.వి. సుబ్బన్న శతావధానిగారు ఆ ఊరివారే. అక్కడ కవికి శ్రోత ఎదురుగానే ఉంటాడు, ప్రశ్న వేస్తాడు, అడ్డు పడతాడు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాతి అక్షరం ఏది రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. ఆ ఇరుకులోంచి పద్యం బయటికి వస్తుంటే సభ ఊపిరి బిగబట్టి చూస్తుంది. అదే పద్యాన్ని మర్నాడు పేపర్లో చదవండి. చాలాసార్లు చప్పగా ఉంటుంది. పద్యం తప్పు కాదు. ఆ పద్యం రాసింది ఆ సాయంత్రం ఆ హాల్లో కూర్చున్నవాళ్ల కోసం. ఇరుకు చూసినవాళ్లకే ఆ రుచి. కాబట్టి మీ కవిత ఒక్క సాయంత్రానికి రాసిందైతే ఆ సాయంత్రం బాగా బతకనివ్వండి, పుస్తకంలోకి లాక్కురావద్దు.

ఉగాది కవిసమ్మేళనాలకు వెళ్లే పిల్లలకు ఒక్క మాట. చెవితో వినేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోలేడు. మీరు మూడో పాదంలో పెట్టిన మెలిక విప్పుకునే లోపల ఐదో పాదం పోతుంది, ఆరో పాదం పోతుంది. అందుకే పాటలో పల్లవి ఉంటుంది, శతకంలో మకుటం ఉంటుంది. తిరిగి తిరిగి ఒక చోటికి వస్తే వినేవాడికి ఊపిరి తీసుకునే వీలు. పుస్తకంలో చదివేవాడికి ఆ అవసరం లేదు, అతను ఆగగలడు. ఒకే కవితను రెండు చోట్లా వాడాలంటే రెండుసార్లు రాయండి. శ్రమే. తప్పదు.

ఫోన్ గురించి కూడా చెప్పాలి కదా. వాట్సాప్ గ్రూపుల్లో కవితలు పెట్టుకుంటున్నాం. మంచిదే, ఒంటరిగా పల్లెటూళ్లో కూర్చుని రాసేవాళ్లకు అది పెద్ద తోడు. కానీ ఆ గ్రూపులో ఉన్నది ఎవరు? అందరూ కవులే. నా కవితకు నువ్వు 'అద్భుతం' పెడతావు, నీ కవితకు నేను రెండు చేతుల బొమ్మ పెడతాను. పెద్దన గారు అడిగిన తప్పరయు రసజ్ఞులు అక్కడున్నారా? కొన్నాళ్లకు మనకు తెలియకుండానే ఆ 'అద్భుతం' కోసం రాయడం మొదలవుతుంది. ఏ మాటకు ఎన్ని లైకులు వస్తాయో చెయ్యికి తెలిసిపోతుంది. రైతు మీద రాస్తాం, రైతు చదవడు. అమ్మ మీద రాస్తాం, అమ్మ చదవదు. మా కవులం మేమే చదువుకుంటాం. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది, అందుకే ఇంత దూరం వచ్చి మాట్లాడుతున్నాను.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. శ్రోత కోసం రాయడమంటే శ్రోతకు నచ్చింది రాయడం అనుకోవడం. అది పొగడ్త. వేమన ఎవరికి చెప్పాడో వాళ్లనే తిట్టాడు. మనుజేశ్వరాధములకు, అంటే నీచులైన రాజులకు, తన కావ్యం ఇవ్వనన్నాడు పోతన. ఎదురుగా ఉన్న మనిషిని బాగా తెలుసుకుంటే ఆయన్ను ఎక్కడ సంతోషపెట్టాలో తెలుస్తుంది, ఎక్కడ నిలదీయాలో కూడా తెలుస్తుంది. కోవెలకుంట్లలో 1847లో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద రేనాడులో పాటలు కట్టి పాడారు. ఆ పాటలు విన్నవాళ్లు ఆ ఊళ్లవాళ్లే, ఆయన్ను ఉరితీసిన ఇంగ్లీషు దొరతనం కింద బతుకుతున్నవాళ్లే. వాళ్ల ముందు ఓడిపోయినవాడి గురించి అంత గొంతెత్తి పాడటం పొగడ్త అవుతుందా? మీరు కూడా గుర్తుంచుకోండి అని వాళ్ల మీద ఒక బరువు పెట్టారు.

(ఇక్కడ వెనక వరుసలో నుంచి ఒకరు, తన కోసం తాను రాసుకోవడం తప్పా అని అడిగారు.)

తప్పు కాదు నాయనా. ఇందాక తర్వాత చూద్దామన్నది ఇదే. నీ కోసం అంటే ఏ నీ కోసం? పదో తరగతిలో స్కూలు బయట నిలబడి ఏడ్చిన పిల్లవాడి కోసమా? ఇరవై ఏళ్ల తర్వాత ఈ నోటుపుస్తకం తీసి చదవబోయే పెద్దమనిషి కోసమా? ఈ ఇద్దరూ వేరు వేరు మనుషులు. వేమన కూడా తనకే చెప్పుకున్నాడు కదా, 'వినుర వేమా' అని పేరు పెట్టి పిలిచి మరీ చెప్పుకున్నాడు. నువ్వు కూడా పిలువు. పిలిస్తే గొంతు మారుతుంది. ఈ రాత్రే రాసి చూడు.

(ఇంకొకరు: నేను మా అమ్మ కోసం రాస్తున్నాను, ఆమెకు చదవడం రాదు, ఎలా?)

అమ్మా, నీకు దొరికినంత మంచి శ్రోత ఇక్కడ ఎవరికీ దొరకలేదు. చదవడం రానివాళ్ల కోసం రాసిన కవిత్వం మన భాషలో ఎంతుందో ఇప్పటిదాకా చెప్పుకున్నాం. మీ అమ్మకు ఏ పాటలు వచ్చో ముందు కనుక్కో. పెళ్లిళ్లలో ఏం పాడేది, చేన్లో కలుపు తీసేటప్పుడు ఏం పాడుకునేవాళ్లు, భజనలో ఏ తత్వం అంటే ఇష్టం. ఆ నడక పట్టుకో. తర్వాత నీ కవిత చదివి వినిపించు, కాగితం చూసి కాదు, ఆమెను చూసి. వంట చేస్తుంటే వంట చేయనీ, ఆపొద్దు. ఎక్కడ ఊఁ కొట్టిందో అక్కడ గీత గీసుకో. ఎక్కడ ఊఁ కొట్టకుండా చేతిపని వైపు తిరిగిందో అక్కడ ఇంకో గీత గీసుకో. ఎక్కడన్నా "అట్ల కాదుమే, అప్పుడు జరిగింది వేరే" అని అడ్డం వస్తే, ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకో, నీ మాటల్లోకి మార్చొద్దు. ఆ కాగితం, ఆ గీతలతో సహా, కొట్టివేతలతో సహా, వచ్చే సమావేశానికి తీసుకురా. శుభ్రంగా తిరగరాయకుండా తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.